నా బదులు నూకమ్మ

తెల్లవాళ్ల పాలన పోయి, ఈ దేశంలో నల్లవాళ్లతో సహా అందరికీ ఓటు వచ్చిన రెండో ఏడు. చవక చొక్కాలు ఓడల్లో దిగుతుంటే, ఇసిపింగోలో మా చొక్కాల ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించుకుంటోంది. నేను హైదరాబాదు నుంచి ఇక్కడి ఆఫీసు ఉద్యోగానికి వచ్చి ఏడాది. ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగామె, ఇరవై రెండేళ్లుగా కాజాలు కుడుతున్న నూకమ్మను ఒక మాట చెప్పాలని నా గదికి పిలిపించాను.

"కూర్చో అక్కా."

ఆమె కూర్చోలేదు. తలుపు మూసి వచ్చింది.

"నువ్వు నోరు తెరవొద్దు చెల్లీ, నేను జెప్తా. యూనియన్ రూలు నాకు తెల్సు. లాస్ట్ వచ్చినోళ్లు ఫస్ట్ పోవాల. అంటే నువ్వే గదా!"

"అది కాదక్కా..."

"షటప్ పిల్లా! నీకు దేశం కొత్త, బిడ్డ స్కూలుకి పోతాది. ఎవరుండారు నీకు ఇక్కడ? నాకు మా జనం ఉండారు. ఇదో, రాసి తెచ్చినా."

తనను తీసేసి నన్ను ఉంచమని అర్జీ. కింద సంతకం.

ఆ రూలు ఆఫీసువాళ్లకు వర్తించదని చెప్పాలి. ఆ అర్జీ చదువుతుంటే కన్నీళ్లు కారాయి.

"హయిబో, ఏడుస్తావేంది? నీ జాబు యాడికీ పోదు," అని నా తల నిమిరింది.

"నీ మేలు మరచిపోనక్కా," అన్నాను.

ఆమె గర్వంగా నవ్వుతూ వెళ్లింది. ఆ గర్వం చెడగొట్టలేకే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకుంటాను, పూర్తిగా నమ్మను. కాజాల సెక్షన్ మొత్తాన్నీ తీసేస్తూ జాబితా రాసింది నేనే. నూకమ్మ పేరున నేను సంతకం చేసిన తొలగింపు ఉత్తరం బల్ల కింద నా ఒళ్లోనే ఉంది. అది చేతికివ్వాల్సిన పని తప్పిందని ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

సిగ్గు ఆ తర్వాత వచ్చింది.