రెండు పక్షాల మనిషి

సర్కారు కొలువు పరీక్ష వాయిదా పడిందని, మా ఆయనతో కలిసి చదివే దోస్తులు ఆదివారం అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చి గూఢచారి ఆట పెట్టారు. ఒక మనిషి తక్కువైతే నన్ను లాగారు. చీటీ తీస్తే, రెండు జట్లనూ మోసం చేసే గూఢచారి వేషం నాకే వచ్చింది. కూరగాయలామెతో బేరం కూడా ఆడలేని నాకు!

"ముందుగాల ఎవరి హద్దు వాళ్లు చెప్పున్రి. ఆటల గూడ అది దాటొద్దు," అంది వాళ్లలో ఒకామె, త్రివేణి.

ఒకరు మార్కుల మాట ఎత్తొద్దన్నారు. ఒకరు ముట్టుకోవద్దన్నారు.

"నాకేం లేవక్కా," అన్నాను. సిగ్గు మరి.

రెండు జట్లూ వెతకాల్సిన రహస్యం చీటీ బియ్యం డబ్బాలో ఉందని ఒక జట్టుకు, కూలర్ వెనక ఉందని ఇంకో జట్టుకు చెప్పాను. పాపం, అందరూ నమ్మారు. మా ఆయనైతే మోచేతి దాకా బియ్యంలో చేయి పెట్టి వెతికారు.

చివరికి నా వేషం బయటపడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏడో తరగతి దాని చేతిల మోసపోయినం సూడున్రి! పో, చాయ్ పెట్టుపో," అన్నారు ఆయన.

నాకైతే నోరు లేదు. గూఢచారికి ఉంది.

"నేను మీ ఇంటిదాన్ని కాదు సార్, గూఢచారిని. నా చదువు మాట ఎత్తొద్దు. అదే నా హద్దు."

"ఇప్పుడు చెప్తే నడుస్తదా?"

"నడుస్తది. దాటినవ్ అన్నా, సారీ చెప్పు," అంది త్రివేణి.

ఆయన నవ్వబోయి ఆగారు. "సారీ మేడమ్."

నేను పోయి చాయ్ పెట్టాను. ఎట్లాగూ పెట్టేదే.

పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. చెప్పింది గూఢచారికని నాకూ తెలుసు. కానీ ఆ సారీని గూఢచారికి అందనివ్వలేదు. నేనే దాచుకున్నాను.