పది రోజుల మైల

“ఆగు! ఆడనే ఆగు. వంటింట్లో కాలు పెట్టొద్దు!” కమలాంబ కోడలికి చెయ్యి అడ్డం పెట్టింది.

వాసంతి గడప దగ్గరే నిలబడిపోయింది. అప్పుడే టి. నగర్‌లో పంటి చిగురుకు ఆపరేషన్ చేయించుకుని సౌకార్‌పేట ఇంటికి వచ్చింది. నోట్లో కుట్లు, బుగ్గ మీద ఐస్ సంచి. మత్తు దిగేకొద్దీ ప్రాణం పోతోంది. పది రోజులు వంగినా, బరువెత్తినా, పొయ్యి సెగ తగిలినా చిగురుకు అతికించిన కండ ముక్క ఊడొచ్చు, మళ్ళీ కోయాలి అంది డాక్టరమ్మ.

“పిల్లను కాఫీ పెట్టనీ,” హాల్లోంచి కేకేశాడు మామగారు కామేశం. “కొట్టు బేరానికొచ్చినోళ్ళు కూర్చోనుండారు. చిన్న కోతే గదా, అదే పోతుందిలే నొప్పి.”

“కాఫీనా? ఎవరి కండో తెచ్చి దాని నోట్లో కుట్టినారు. మైల! నైవేద్యం వండే పొయ్యి ఇది.”

కామేశం గతుక్కుమన్నాడు. ఆ ఇంట్లో మడీ ఆచారమూ అన్నీ ఆయన పెట్టినవే మరి. “ఎన్ని దినాలు?” అన్నాడు.

“పది. వంట లేదు, బిందె ఎత్తేది లేదు, బట్టలు పిండేది లేదు. ఆ మూల గదిలో పడుండనీ.”

వాసంతికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి కండ? తన అంగిట్లోంచే తీసి కింది చిగురుకు అతికించారు! నోరు మెదపకూడదు కనుక సెల్లులో టైపు చేసి చూపించబోయింది. అత్తగారు అటు తలే తిప్పలేదు.

మూడు రోజులు గది గుమ్మం దగ్గరికే చల్లటి పెరుగన్నం వచ్చింది, మెత్తగా పిసికి. గంట తప్పకుండా మాత్రా వచ్చింది. అయినా మైల అన్న ఆ మాట కుట్ల కంటే ఎక్కువ సలిపింది. ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే చివరికి అంటరానిదాన్నయ్యానా అని దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది.

నాలుగో రోజు మగవాళ్ళు కొట్టుకు వెళ్ళాక ఇక ఆగలేకపోయింది.

“అత్తయ్యా... అది నా కండే,” అంది, పెదవులు కదిలీ కదలకుండా.

కమలాంబ లోపలికొచ్చి తలుపు మూసింది. మంచం మీద కోడలిని ఆనుకుని కూర్చుని, ఆమె కళ్ళు తన పైటకొంగుతోనే తుడిచింది.

“పిచ్చిదానా, నాకు తెలీదా? డాక్టరమ్మను ముందే అడిగినా. నొప్పి అంటే ఈ ఇంటి మొగోళ్ళు ఒక పూట ఊరుకుంటారు, మైల అంటే పది దినాలు నోరెత్తరు!”