ఛైర్మన్ గారి మౌనం

మున్సిపల్ ఛైర్మన్ గారు పది రోజులుగా నోరు విప్పలేదు. ఆ మౌనం వెనక ఎంత లోతైన వ్యూహం ఉందో పేపర్లో నా రాజకీయ కాలమ్‌లో మూడుసార్లు విప్పి చెప్పాను. అది చదివి ప్రతిపక్షం వాళ్లు కూడా హడలిపోయి మాట్లాడటం మానేశారు. నిన్నటి కౌన్సిల్ సమావేశంలో ఫ్యాన్లు తప్ప ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

ఈ రోజు పొద్దున్నే ఆయన నన్ను ఇంటికి పిలిపించారు. బుగ్గకు ఐసు మూట అదుముకుని కూర్చున్నారు.

"పన్ను పీకించుకున్నానండీ. డాక్టరు మాట్లాడొద్దన్నాడు, అంతే," అన్నారు ముద్దముద్దగా.

నా ఇరవై ఏళ్ల పరువు ఆ పంటితోపాటే ఊడిందనుకున్నాను.

"ఎవరితోనూ అనకండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"నేనెందుకంటాను? మాట్లాడినన్నాళ్లూ నన్ను చవట అని రాశారు. నోరు మూసుకోగానే అపర చాణక్యుణ్ణి చేశారు. మొదటి పంటి గాయం మొన్ననే మానిపోయింది. ఇది రెండోది. ఈ పంటికి నొప్పేం లేకపోయినా మీ కాలమ్ చదివి పీకించుకున్నాను."

ఇంటికొచ్చి నాలుగో కాలమ్ మొదలుపెట్టాను. ఎన్నికలకు ఇంకా నెల రోజులుంది. ఆయన నోట్లో ఇంకా ముప్పై పళ్లున్నాయి.