భాను లేదన్న రోజు

ఆటో దిగిన మనిషి తండాలో మొదటి ఇంటి ముందే ఆగాడు.

"భాను గారి ఇల్లెక్కడమ్మా?"

అడిగింది భానునే.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు, భుజాన సంచి. చేతిలోని కాగితాల మీద కంపెనీ గుర్తు.

"భాను లేదు సారూ. ఖమ్మం పోయింది," అంది నోటికొచ్చినట్టు.

మూడు రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

హైదరాబాదు కంపెనీ ఒకటి ఇచ్చే లింకులను నలుగురికీ పంపడం భాను పని. ఆ లింకు నొక్కి ఎవరైనా కుక్కరో చీరో కొంటే ఆమెకు కమీషను వస్తుంది. రెండేళ్లుగా ఇల్లు దాని మీదే నడుస్తోంది. మిరప తోటల్లో కూలి తప్పింది.

చిక్కల్లా ఒకటే. దమ్మపేట దాటి అడవి వైపు పార్సిల్ బండి రాదు. తండాలో సగం మందికి పెద్ద ఫోను లేదు. అందుకని అందరి సరుకులూ భానే తన ఫోన్లో బుక్ చేసి, దమ్మపేటలో జానీ మియా సైకిల్ షాపుకు తెప్పించి, మోసుకొచ్చి పంచేది.

నలభై ఇళ్ల కొనుగోళ్లు, ఒకే ఫోను, ఒకే చిరునామా.

కంపెనీ కంప్యూటరుకు తండా సంగతి ఏం తెలుసు? "మీ లింకుతో మీరే కొని కమీషను తీసుకుంటున్నారు. ఇది మోసం. శుక్రవారం సాయంత్రం ఐదింటికి మీ అకౌంటు మూసేస్తాం," అని మెయిల్ పంపింది.

భాను పదకొండు సార్లు బతిమాలుతూ రాసింది. పదకొండు సార్లూ ఒకటే జవాబు. "మీ సందేశం అందింది. మీరు మాకు విలువైన భాగస్వామి." అంత విలువైన భాగస్వామితో మాట్లాడటానికి ఒక్క మనిషీ దొరకలేదు.

ఈ రోజు శుక్రవారం.

"ఎప్పుడొస్తారు?" అన్నాడు వచ్చినాయన.

"తెల్వదు సారూ."

"ఆమెతోనే మాట్లాడాలమ్మా. ఇంకెవరికీ చెప్పేది కాదు."

ఇంకెవరికీ చెప్పేది కాదంటే కేసే అనుకుంది భాను.

ఆయన లోపలి వీధిలోకి నడిచాడు. భాను ఇళ్ల వెనక నుంచి పరుగెత్తి నాలుగిళ్లకు చెప్పింది. మిగతా ఇళ్లకు చెప్పాల్సిన పనే పడలేదు. పోడు చేలు కొలవడానికి ఫారెస్టు వాళ్లు టేపులు పట్టుకొచ్చిన నాటి నుంచి తండాకు ఒక నీతి ఉంది. సంచి వేసుకుని ఫోటోలు తీసే మనిషికి ఉన్నది కూడా లేదనే చెప్పాలి.

హేమ్లి వదిన కొత్త మిక్సీని వడ్ల బస్తా వెనక్కి తోసింది.

"భాను గారు మీకేమైనా తెప్పించారా అమ్మా? చూపిస్తే ఆ వస్తువుతో మీ ఫోటో తీసుకుంటాను," అన్నాడాయన.

"మాకేం తెప్పియ్యలే సారూ."

పక్కింట్లో ద్వాలి పెద్దమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. "కుక్కరా? గదేంది? మేం కుండలనే వండుకుంటం."

లోపల కుక్కరు కూత పెట్టింది.

"అమ్మా, ఆ కుక్కరే. ఒక్క ఫోటో," అన్నాడాయన చేతులు జోడించి.

"గది కుక్కరు కాదు. మా మన్మడు ఈల ఏస్తుండు."

రెడ్యా మామ కండువా దులుపుకుంటూ అడ్డం వచ్చాడు. "ఎందుకు సారూ గిట్ల ఇల్లిల్లు తిరుగుతున్నవ్?"

"భాను గారి మంచికేనన్నా."

"మా మంచికొచ్చినోళ్లను శానా మందిని చూసినం. పో సారూ, ఎండదెబ్బ తగుల్తది."

ఆయన పోలేదు. అంగన్‌వాడీ గోడ నీడలో మూడు గంటలు కూర్చున్నాడు. మాటిమాటికీ టైం చూసుకున్నాడు. భాను తలుపు సందులోంచి ఆ గోడ వైపే చూస్తూ ఉంది. నాలుగు దాటాక లేచి, మళ్లీ ఆమె గుమ్మం ముందుకే వచ్చాడు.

"మీరు ఆమెకు చుట్టాలా?"

"అవ్."

ఆయన ఒక చీటీ ఇచ్చాడు. "ఈ నంబరుకు జల్దీ ఫోన్ చేయమనండి. ఐదు ఫోటోలు చాలని చెప్పండి."

ఆటో మలుపు తిరగ్గానే భాను ఆ చీటీని పొయ్యిలో వేసింది.

"ఒక్కటి గూడ దొరకనియ్యలే!" అంటూ హేమ్లి వదిన నవ్వింది. మూడు రోజుల్లో మొదటిసారి భాను కూడా నవ్వింది.

ఐదు దాటాక, సిగ్నల్ అందే వాటర్ ట్యాంకు దగ్గర ఫోను మోగింది. మెయిల్.

"కొనుగోళ్లు నిజమైనవని ఆధారాలు అందలేదు. మీ అకౌంటును శాశ్వతంగా మూసివేశాం. మీ పేరును మోసగాళ్ల జాబితాలో చేర్చాం. అభ్యంతరాలుంటే ఈ నంబరుకు ఫోన్ చేయగలరు."

అంతా అయిపోయాక నంబరు ఇచ్చారు. భాను వెంటనే ఫోన్ చేసింది. ఒకమ్మాయి ఎత్తింది.

"మేడమ్, మీ మనిషి మా తండాకొచ్చిండు. మావోళ్లు భయపడి అబద్ధం చెప్పిన్రు. నేనూ చెప్పిన. ఆయన్ని మళ్లొక్కసారి పంపుండ్రి, అన్ని చూపిస్తం."

"మేం ఎవర్నీ పంపం మేడమ్. అసలు ఆ పద్ధతే లేదు."

"కాగితాల మీద మీ కంపెనీ గుర్తుండె. కళ్లద్దాలు, సన్నగున్నడు."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"అయితే సాకిబ్ సార్ అయ్యుంటారు. రెండు రోజులు లీవు పెట్టారు. ఎవరితోనూ అనకండి మేడమ్, తెలిస్తే ఆయన ఉద్యోగం పోతుంది."

భాను ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"ఉద్యోగం పోతదని తెల్సి ఎందుకొచ్చిండు?"

"మీ ఫైలు మీద మేమందరం మోసమని రాస్తే, ఈమె దొంగ కాదు, రుజువు నేను తెస్తానని రాసింది ఆయనొక్కరే మేడమ్."