ఎద్దు ఎముక మీద పగులు

"మెల్లగా గీకవే! రాజుగారికి తెలిస్తే యుద్ధం దాకా ఎందుకు, ఇక్కడే మన తలలు లేపేస్తాడు," అన్నాడు పెంగ్ గుమ్మంలో నిలబడి వీధి చూస్తూ.

"నువ్వు వెలుతురుకి అడ్డం రాకు మావా, అదే పదివేలు," అంది వాన్.

ఎద్దు భుజం ఎముక వెనక గుంటలు తొలచడం వాన్ పని. రాజు ఆ గుంటలో నిప్పు పెడితే ఎముక ముందువైపు పగులుతుంది. పగులు పైకి పాకితే పితృదేవతలు సరేనన్నట్టు, కిందికి జారితే వద్దన్నట్టు. గుంట ఎటు వాలితే పగులు అటే పోతుందని వాన్‌కి ఇరవై ఏళ్లుగా తెలుసు. ఏనాడూ ఆ తెలివి వాడలేదు. ఇప్పుడేమో కొర్రచేలు కోతకొచ్చాయి. పడమటి కొండవాళ్ల మీద యుద్ధానికి ఇంటికో మగాడు కదలాలట. వాన్ ఇంట్లో ఉన్న ఒక్క మగాడూ ఆమె మొగుడు పెంగే.

"చెయ్యి జాగ్రత్త!"

"కొత్తలో తెగిందిగా, చాల్లే." ఎడమ బొటనవేలి మీది పాత మచ్చ చూపించి నవ్వింది. ఈ పనికి కొత్తగా కత్తి పట్టిన ప్రతివాళ్లకీ ముందు తెగేది ఆ వేలే.

ఆనవాయితీ ప్రకారం ఆ రాత్రి ఎముక రాజు పడకగదిలో ఉంది.

తెల్లారేసరికి గుడి ముంగిట ఇసకేస్తే రాలనంత జనం. నెల రోజులుగా యుద్ధం, యుద్ధమని జోరీగలా పోరుతున్న సేనాని, రాజుగారి చిన్నాన్న, మీసం దువ్వుతున్నాడు.

"బాబాయ్, రథాలు కట్టించు! ఆ కొండవాళ్లని తొక్కి పారేద్దాం!" అని గర్జించాడు రాజు, వేళ్లు కూడా కనపడని పొడుగు చేతుల అంగీ ఊపుతూ. అంటూనే ఎముక గుంటలో నిప్పు పెట్టాడు.

ఎముక టప్పుమంది. జోస్యుడు వంగి చూశాడు.

"వద్దంటున్నారు ప్రభూ! గట్టిగానే వద్దంటున్నారు."

సేనాని మొహం మాడిపోయింది. "అయ్యో తాతల్లారా, నా కాళ్లకి బంధం వేశారే!" అని రాజు గుండె బాదుకున్నాడు. జనంలో పెంగ్ మొహం చూసి వాన్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఈ ఎముక మళ్లీ నా కంటపడకూడదు. పూడ్చి రా తల్లీ," అంటూ రాజే దాన్ని ఆమె చేతికిచ్చాడు.

వాన్ అలవాటుగా వెనక్కి తిప్పింది. అది తన ఎముక కాదు. గుంట వాలు మాత్రం తను తొలిచినట్టే కిందికి. కానీ చేతకానివాళ్లెవరో కుస్తీపట్టి తొలిచినట్టు వంకరటింకరగా ఉంది. అంచున ఎండిన నెత్తురు చుక్క. ఉలిక్కిపడి తలెత్తింది.

రాజుగారి ఎడమ బొటనవేలికి కట్టు ఉంది.