మధ్యాహ్నం రాని జవాబు

"అదుగో, ఫ్రీ వైఫై తాతయ్య!" అంది రీనా.

కాలేజీ వైఫై అందే చోట, గేటు బయట సిమెంటు బెంచీ మీద ఓ ముసలాయన. ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో ఫోను. బుక్కులో ఏదో రాస్తాడు, అది చూసి చూసి ఒంటివేలితో ఫోన్లో కొడతాడు. మధ్యమధ్య తలెత్తి, గేటులోంచి వచ్చే పిల్లల వంక చూస్తాడు.

త్రివేణికి ఒళ్ళు మండింది.

అసలే రేపు బ్యాక్‌లాగ్ పరీక్ష. కిందటిసారి హాల్లో చేతులు వణికి, పెన్ను పట్టలేక తెల్లకాగితం ఇచ్చి వచ్చేసింది. ఈసారీ అంతే అయితే చదువు మానెయ్యడమే.

ఆ సంగతి ఇంట్లో తెలీదు. తెలిసిందల్లా ఫోన్లో, బాధలు చెప్పుకునే 'ఆసరా' యాప్‌కే.

అందులో జవాబిచ్చే మనిషికి పేరుండదు, ముఖముండదు. ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే, అటునుంచీ అలాగే వచ్చేది.

"ముందు తిన్నావా అమ్మా? తినేసి చెప్పు. నానిక్కడే ఉంటాను."

ఆలస్యంగా వచ్చేది. కానీ చదివితే ఊపిరి అందేది. ఆ మాటల పుణ్యమా అని నెల్లాళ్ళుగా కాలేజీకి రాగలుగుతోంది.

ఇందాకే అడిగింది: "రేపు మళ్ళీ చేతులు వణికితే ఏటి చెయ్యాలి?"

జవాబు లేదు.

"మనల్నే చూత్తన్నాడే!" గిల్లింది రీనా.

త్రివేణి వెళ్ళి గార్డుకి చెప్పింది.

"చలో బాబా, ఉఠో యహాఁ సే!" అక్కణ్ణుంచి లెమ్మని గదిమాడు గార్డు.

రెండే రెండు నిమిషాలు ఆగమని ముసలాయన హిందీలో బతిమాలాడు. గార్డు రెక్క పట్టుకుని లేపాడు. నోటుబుక్కు జారి కింద పడింది. ఆయన చూసుకోలేదు.

త్రివేణి తీసింది. అన్నీ తెలుగు అక్షరాలు. హిందీ మీడియం పిల్ల, ఒక్క ముక్కా చదవడం రాదు.

సాయంత్రం బిర్సానగర్ తెలుగు బస్తీలో ఇంటికి రాగానే తల్లి జగదాంబ ముందు పడేసింది.

"చదువమ్మా. ఆడపిల్లల గురించి ఏటి రాసుకున్నాడో, రేపు ప్రిన్సిపాల్‌కి చూపిత్తాను."

జగదాంబ రొట్టెల పిండి చెయ్యి తుడుచుకుని చివరి పేజీ తీసింది.

"ఎవుల్దో పిల్లకి జవాబంట, సగంలో ఆగిపోనాది," అని కూడబలుక్కుంటూ చదివింది.

"చేతులు వణికితే వణకనీ అమ్మా. ముప్పయ్యేళ్ళు కంపెనీలో కిరేను నడిపినోణ్ణి, దాని మీదకి నిచ్చెనెక్కిన పతీసారీ నాకూ వణికీవి, వణుకుతానే ఎక్కీవోణ్ణి..."