టోపీ బాబాయికి తొలి వేషం

దర్శకుడు కథ చెబుతున్నంతసేపూ టోపీ బాబాయి చూపు గోడ గడియారం మీదే ఉంది. టైము కోసం కాదు. పన్నెండు అంకె కింద చిన్న నల్ల చుక్క ఉంది. అది ఈగ రెట్టో, కెమెరా కన్నో ఎంతకీ తేల్చుకోలేకపోతున్నాడు.

ఆయన్ని అనడానికీ లేదు. టీవీలో ఆయన బతుకే అది. ఎక్కడో దొంగ కెమెరా పెట్టి, ఓ అమాయకుణ్ణి పట్టుకుని, తనేదో పెద్ద ఆఫీసరునని నమ్మించి, చెమటలు పట్టించి, చివర్లో నెత్తిన కాగితం టోపీ పెట్టి "అదిగో కెమెరా, నవ్వు నాయనా" అంటాడు. అలా టోపీలు పెట్టీ పెట్టీ చిన్నా పెద్దా అందరికీ టోపీ బాబాయి అయిపోయాడు. సినిమా వేషం మాత్రం ఒక్కటీ రాలేదు. ఆ మొహం పెట్టుకుని ఏం చెప్పినా ఎవరూ నమ్మరని దర్శకులంతా తప్పించుకునేవాళ్ళు.

అలాంటిది, నటుల్నీ దర్శకుల్నీ కలిపిపెట్టే సినిమా మేనేజరు ఒకడు నిన్న ఫోన్ చేశాడు. పెద్ద దర్శకుడు ఏరికోరి బాబాయినే అడిగాడట. నవ్వించే వేషం కూడా కాదట. కూతుర్ని పోగొట్టుకున్న దర్జీ. సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా నవ్వడు.

ఆ మాట విని భార్య చొక్కా ఇస్త్రీ చేస్తూ కళ్ళు తుడుచుకుంది.

"మీ మొహంలో ఏడుపు కూడా ఉందని ఇన్నాళ్ళకి ఒక్కడికి కనబడింది. అక్కడికెళ్ళి కోతివేషాలు వేశారో, ఇంటికి రాకండి" అంది.

బాబాయికీ ఆ వేషం మీద పంచప్రాణాలూ ఉన్నాయి. దర్జీలు ఎలా కూర్చుంటారో చూద్దామని పొద్దున్నే వీధి చివర కొట్టు ముందుకెళ్ళి నిలబడితే, అక్కడి దర్జీ ఈయన్ని చూసి షట్టరు దించేశాడు. అది వేరే సంగతి.

అసలు బెంగంతా తన షో కెమెరామన్ గురించే. పోయిన వారమే వాడికి లాటరీ తగిలిందని నమ్మించి నడివీధిలో గంతులు వేయించాడు. టోపీ తీసి చేతికిస్తూ వాడు, నీకూ ఓ రోజొస్తుంది బాబాయ్ అని మరీ వెళ్ళాడు. ఇవాళే ఆ రోజేమో. పైగా ఈ దర్శకుడు పేపర్లకి ఫొటో కూడా ఇవ్వని మనిషి. ఎదురుగా కూర్చున్నది అసలువాడో, గడ్డం అతికించుకొచ్చినవాడో ఎవరికి తెలుసు?

గదిలో అడుగుపెట్టినప్పటినుంచీ అన్నీ తేడాగానే ఉన్నాయి. చెయ్యి కలపబోయి ఆ మనిషి వెనక్కి తీసుకున్నాడు. సంచి బయట పెట్టి రమ్మన్నాడు. తోడు ఎవరైనా వచ్చారా అని అడిగి, కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత అసలు ముక్క వదిలాడు.

"మా సినిమాలో చేస్తానని మీరే కబురు పెట్టారట. సంతోషం."

"నేనా? మీరే నన్ను అడిగారని చెప్పాడే మేనేజరు."

అటువాళ్ళకి ఇటువాళ్ళు అడిగారనీ, ఇటువాళ్ళకి అటువాళ్ళు అడిగారనీ చెప్పి కలపడం మేనేజర్ల పద్ధతి. ఆ క్షణాన అది బాబాయికి తట్టలేదు. దొంగ దర్శకుడు పాఠం మర్చిపోయాడనుకున్నాడు.

టీ వచ్చింది. దర్శకుడు కప్పు ముట్టుకోకుండా బాబాయి ముందుగా తాగుతాడేమోనని చూశాడు. ఉప్పు కలిపారన్నమాట అనుకుని బాబాయీ ముట్టుకోలేదు. రెండు కప్పుల్లోనూ మీగడ కట్టింది.

కథ మాత్రం బాగుంది. చనిపోయిన కూతురి గౌనుకి దర్జీ ఊడిన గుండీ కుట్టే చోట బాబాయికి నిజంగానే ఏడుపొచ్చింది. దొంగ కథే ఇంత బాగా రాయించాడంటే కెమెరామన్ గట్టివాడేనని మెచ్చుకుని, ఆ దుఃఖాన్ని అలాగే మింగేశాడు.

చివరికి అగ్రిమెంటు బల్ల మీదికొచ్చింది. సంతకానికి బాబాయి తన పెన్ను అందిస్తే, దర్శకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత తీసి లోపలికి తొంగిచూసి, తిరిగిచ్చేశాడు.

"నాది ఉందండీ. ఒక్క మాట. ఇది చేయాలంటే మీరు ఆ షో మానేయాలి. ఇప్పుడే, నా ముందే ఫోన్ చేసి చెప్పాలి."

బాబాయికి అంతా అర్థమైపోయింది. తను ఫోన్ చేసి మానేస్తున్నానంటాడు, అవతల యూనిట్ అంతా పొట్టలు పట్టుకుని నవ్వుతుంది. కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒకవేళ నిజమైతే? ఒంటిమీద ఇస్త్రీ చొక్కా బరువుగా అనిపించింది. కానీ ఇంతమందికి టోపీ పెట్టినవాడు తన నెత్తిన పెట్టించుకుని రేపు రోడ్డు మీద ఏ మొహంతో తిరుగుతాడు?

కాగితాన్ని పరపరా చింపేశాడు. జేబులోంచి మడత టోపీ తీసి దర్శకుడి నెత్తిన పెట్టాడు.

"నాకే టోపీనా నాయనా? నువ్వు లాగూలు తొడుక్కునే నాటినుంచీ పెడుతున్నాను నేను."

దర్శకుడికి కోపం రాలేదు. గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలి, తేలిగ్గా నవ్వాడు.

"అనుకున్నాను" అన్నాడు.

ఒప్పుకున్నాడు కదా అని బాబాయి కాలరు ఎగరేసుకుంటూ మెట్లు దిగి కెమెరామన్‌కి ఫోన్ కొట్టాడు. దర్శకుణ్ణంటూ కూర్చున్న ఆ గడ్డంవాణ్ణి ఎక్కడ పట్టావురా అని అడిగాడు. వాడు పొద్దుటినుంచీ పన్ను పీకించుకుంటూ డాక్టరు దగ్గరే ఉన్నాడట. నమ్మకపోతే నర్సు చేత కూడా చెప్పించాడు. ఆ తర్వాత దూది అడ్డం పెట్టుకునే ఒక్కో ముక్కా కూడబలికాడు.

"మా బావ ఆ దర్శకుడి దగ్గరే డ్రైవరు బాబాయ్. అది పుట్టుగడ్డం. ఆయన అసలు దర్శకుడే."

బాబాయి ఫోన్ పెట్టేసేలోపే భార్య నంబరు మోగింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు. కాళ్ళు పట్టుకునైనా సరే, ముక్కలు అతికించైనా సరే, ఆ దర్జీ వేషం తెచ్చుకోవాలని దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కి, రొప్పుతూ తలుపు తోశాడు.

లోపల దర్శకుడు సోఫా తిరగేసి కెమెరా వెతుకుతున్నాడు.